ఇంట్లో కోల్డ్ బ్రూ కాఫీ: ఎన్ని గంటలు, ఎంత పొడి, ఎలా వడకట్టాలి?

సుధామయి:

నమస్కారం. ఈ మధ్య ఇంట్లోనే కోల్డ్ బ్రూ చేసుకుంటున్నాను. పెద్ద గాజు సీసాలో కాఫీ పొడి వేసి, మామూలు తాగునీళ్లు పోసి, రాత్రంతా వంటగది గట్టు మీద వదిలేస్తాను. పొద్దున జల్లెడలో వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను. పద్ధతి ఇంతే. అయినా రుచి ఏ రోజుకారోజు మారిపోతోంది. ఒక రోజు చాక్లెట్ ఛాయతో, చక్కెర వేయకపోయినా తియ్యగా అనిపిస్తుంది. ఇంకో రోజు అదే పొడి, అదే సీసా, అయినా వగరు నాలుకను పట్టేస్తుంది. అడుగున బురదలా మడ్డి కూడా దిగుతోంది.

ఎన్ని గంటలు నానబెట్టాలన్నది నా మొదటి సందేహం. 8 గంటలు చాలంటారు కొందరు, 24 గంటలు తప్పదంటారు ఇంకొందరు. ఫ్రిజ్‌లో నానబెట్టాలా, బయటా? కోల్డ్ బ్రూలో పులుపు తక్కువ, కడుపుకు మంచిది అన్న మాటలో నిజమెంత? అనుభవం ఉన్నవారు చెప్పండి.

బరకపొడి:

సుధామయి గారూ, గంటల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్క విషయం చెప్పండి. పొడిని చెంచాతో కొలుస్తున్నారా, తూకం వేస్తున్నారా? గింజలు మీరే మర పడుతున్నారా, పొడిగానే కొంటున్నారా?

సుధామయి:

చెంచాతోనే. పొడిగానే కొంటున్నాను. వేడి కాఫీకి వాడే సన్నని పొడే ఇది.

బరకపొడి:

రుచి రోజుకోలా ఎందుకు మారుతోందో దాదాపు తేలిపోయింది. బాగా వేయించిన గింజలు తేలికగా, ఉబ్బినట్టు ఉంటాయి. తక్కువ వేయించినవి గట్టిగా, బరువుగా ఉంటాయి. మర కొంచెం బరకగా ఉన్నా, డబ్బాలో పొడి అణిగి ఉన్నా చెంచాలో పట్టే బరువు మారిపోతుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు చెంచాల మధ్య బరువులో చెప్పుకోదగ్గ తేడా ఉంటుంది. నీళ్లను గ్లాసులతో పోస్తే ఇంకో తేడా చేరుతుంది. ఈ పద్ధతిలో నీళ్ల వేడితో పని లేదు, పోసే వేగంతో పని లేదు. మన చేతిలో ఉన్నవి పొడి బరువు, నీటి బరువు, మర, సమయం మాత్రమే. అందులో రెండింటిని కంటి అంచనాకు వదిలేస్తే మిగిలిన రెండింటిని ఎంత సరిచేసినా ఫలితం నిలకడగా ఉండదు. వంటింటి తూకం యంత్రం ఒకటి చాలు, ఇంకే పరికరమూ కొనక్కర్లేదు.

ఇక పాళ్లు. నేరుగా తాగడానికైతే 1 భాగం పొడికి 12 నుంచి 15 భాగాల నీళ్లు, బరువు లెక్కన. చిక్కటి డికాక్షన్‌లా చేసుకుని తాగేటప్పుడు నీళ్లో పాలో కలుపుకోవాలంటే 1 భాగానికి 4 లేదా 5 భాగాలు.

ఇక్కడ చాలామంది చూడని లెక్క ఒకటి ఉంది. నానిన పొడి తన బరువుకు దాదాపు రెట్టింపు నీటిని పట్టుకుని వదలదు. 100 గ్రాముల పొడిని 500 గ్రాముల నీటిలో నానబెడితే చేతికొచ్చేది 300 గ్రాములే. మిగతా 200 గ్రాముల చిక్కటి కాఫీ పిప్పితోపాటు పోతుంది. ఆ 300 గ్రాములను 1:12.5 బలానికి పలుచన చేస్తే 750 గ్రాముల పానీయం అవుతుంది. అదే 100 గ్రాములను మొదటే 1250 గ్రాముల నీటిలో నానబెడితే 1050 గ్రాములు వస్తుంది. బలం ఇంచుమించు ఒకటే. పొడి పొదుపు కావాలంటే నేరుగా తాగే పాళ్లలోనే చేయండి. ఫ్రిజ్‌లో చోటు తక్కువైనా, పాలు కలిపే అలవాటు ఉన్నా చిక్కటిది మేలు. నేరుగా తాగే కాఫీలో పాలు పోస్తే మరీ నీళ్లగా తయారవుతుంది.

వేణుమాధవ్:

గంటల గురించి నాకు తెలిసింది చెబుతాను. 2017లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఫుల్లర్, రావ్ అనే ఇద్దరు పరిశోధకుల వ్యాసం వచ్చింది. గది వేడిలో, అంటే 21 నుంచి 25 డిగ్రీల మధ్య కాఫీ పొడిని నానబెట్టి, కెఫీన్‌, కాఫీలో సహజంగా ఉండే క్లోరోజెనిక్ ఆమ్లాల్లో ఒకటి ఎంత వేగంగా నీటిలోకి దిగుతాయో కొలిచారు. 6, 7 గంటలకల్లా రెండూ నిలకడ స్థితికి వచ్చేశాయి. ఆ తర్వాత ఎంతసేపు ఉంచినా వాటి మోతాదు పెరగలేదు. మర పరిమాణం కూడా పెద్దగా తేడా చూపలేదు.

కాబట్టి ఎక్కువ గంటలు నానితే కాఫీకి ఘాటు పెరుగుతుందన్న నమ్మకానికి కెఫీన్ విషయంలోనైతే ఆధారం లేదు. ఘాటు కావాలంటే పొడి పెంచాలి, గంటలు కాదు.

చల్లని నీళ్లకు కెఫీన్‌ను కరిగించే శక్తి ఉండదని కొందరు అనుకుంటారు. 25 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీటిలో సుమారు 2 గ్రాముల కెఫీన్ కరుగుతుంది. మనం చేసే ఎంత చిక్కటి కాఫీలోనైనా దానికి దరిదాపుల్లో కూడా ఉండదు. కరగడానికి చోటుంది, పొడి లోపలి సన్నని రంధ్రాల్లోంచి బయటికి రావడానికే సమయం పడుతుంది.

నిదానం:

వేణుమాధవ్ గారు చెప్పిన అధ్యయనాన్ని కాదనను. అయితే అది కొలిచింది రెండే పదార్థాలను. కాఫీలో రుచినిచ్చేవి వందల్లో ఉన్నాయి. నోట్లో నిండుదనం, ఆ సన్నని తీపి 7 గంటలకు పూర్తిగా రావు. నేను ఫ్రిజ్‌లో 18 నుంచి 20 గంటలు ఉంచుతాను. 8 గంటలకు తీసిన కాఫీ ఖాళీగా, అర్ధాంతరంగా ఆగిపోయినట్టు ఉంటుంది. తొందరపడి తీయమని కొత్తవారికి చెప్పడం నాకు నచ్చదు.

వేణుమాధవ్:

నిదానం గారూ, మీరు ఫ్రిజ్‌లో చేస్తున్నారు. ఆ అధ్యయనం గది వేడిలో జరిగింది. 4, 5 డిగ్రీల దగ్గర అన్నీ నెమ్మదిగానే దిగుతాయి. మీ 18 గంటలకు, బయట 10, 12 గంటలకు పెద్ద వైరం లేదు. నేను అభ్యంతరం చెప్పేది బయట వెచ్చగా ఉన్నచోట 24 గంటలు వదిలేయడానికి. అప్పుడు తీపి కంటే ముందు చెక్కవాసన, వగరు వచ్చేస్తాయి.

నిదానం:

అలాగైతే ఒప్పుకుంటాను. కానీ సుధామయి గారికి ఒక అంకె చెప్పి వదిలేయడం వల్ల ప్రయోజనం లేదు. ఆమె గింజలు వేరు, ఆమె గది వేరు. ఒక సాయంత్రం నానబెట్టి, 6వ గంట నుంచి రెండేసి గంటలకోసారి శుభ్రమైన చెంచాతో కొద్దిగా తీసి, అన్నింటినీ ఒకేలా పలుచన చేసి రుచి చూడమనండి. పలుచన చేయకుండా చిక్కటిదాన్ని నాలుక మీద వేసుకుంటే ఏదీ తెలియదు, అన్నీ చేదుగానే ఉంటాయి. ఏ గంట దగ్గర తీపి నిలబడిందో, ఏ గంట దగ్గర నాలుక ఎండినట్టయిందో రాసుకుంటే ఆ గింజలకు అదే సమయం. గింజలు మారితే మళ్లీ చూసుకోవాలి.

ఒక మాట. కొన్ని గంటలు గడిచాక సీసా మూత తీస్తే పొడి పైకి తేలి తెట్టులా గట్టిపడి ఉంటుంది. తాజాగా వేయించిన గింజల్లో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఎక్కువ, అదే పొడిని పైకి లేపుతుంది. పైన తేలిన పొడి సరిగ్గా నానదు. నీళ్లు పోయగానే ఒకసారి, అరగంటకు మరోసారి మెల్లగా కలియబెట్టండి. ఆ తర్వాత కదపకండి. మాటిమాటికీ కలిపితే సన్నని నలుసు అంతా నీళ్లలో లేచి వడకట్టేటప్పుడు ప్రాణం తీస్తుంది.

సుధామయి:

పొడి పైకి తేలడం నేనూ చూశాను. అలా ఉండాలేమో అనుకుని వదిలేసేదాన్ని. మర వల్ల కెఫీన్‌లో తేడా లేకపోతే బరక పొడే ఎందుకు వాడాలి?

బరకపొడి:

వడకట్టడానికి, వగరు తగ్గడానికి. సన్నని పొడిలో పిండిలాంటి నలుసు ఉంటుంది. అది జల్లెడలోంచి, బట్టలోంచి కూడా జారిపోయి కాఫీలోనే తేలుతుంది. ఫ్రిజ్‌లో పెట్టాక కూడా ఆ నలుసు నానుతూనే ఉంటుంది. పొద్దున బాగున్న కాఫీ మర్నాటికి చేదెక్కిందంటే చాలాసార్లు కారణం ఇదే. బొంబాయి రవ్వ కంటే కాస్త పెద్ద పలుకుగా మర పట్టించండి. పొడిగానే కొనేవారైతే కొనేటప్పుడే బరకగా కావాలని అడగాలి.

మీ దగ్గర ఉన్న సన్నని పొడిని పారేయకండి. దానితో చేసేటప్పుడు సమయం 7, 8 గంటలకు తగ్గించి, చివర్లో కాగితంలో వడకట్టండి.

చలపతి:

చికోరీ కలిసిన పొడితో చేయవచ్చా?

బరకపొడి:

చేయవచ్చు చలపతి గారూ. చికోరీలో నీటిలో కరిగే భాగం కాఫీ కంటే బాగా ఎక్కువ. చల్లని నీటిలో కూడా త్వరగా దిగిపోయి రంగును నల్లగా, రుచిని కొంచెం పంచదార పాకం మాడినట్టుగా చేస్తుంది. రంగు చూసి బాగా చిక్కబడిందనుకుంటాం, కానీ చికోరీలో కెఫీన్ ఉండదు. ఇలాంటి పొడి పాలతో బాగుంటుంది. పాలు లేకుండా గింజల సహజమైన రుచి తెలియాలంటే మాత్రం కలపని పొడే కావాలి.

అరుణరేఖ:

రుచి గురించి అందరూ చక్కగా చెప్పారు. శుభ్రత గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఇది కాస్త పొడుగవుతుంది, అయినా చదవండి.

వేడి కాఫీలో నీళ్లు మరుగుతాయి కాబట్టి గిన్నెలోనో నీళ్లలోనో ఉన్న సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోతాయి. కోల్డ్ బ్రూలో ఆ దశే లేదు. వేయించిన గింజలు పొడిగా, శుభ్రంగానే ఉంటాయి. కానీ సీసా, చెంచా, బట్ట, నీళ్లు, మన చేతులు అన్నీ దానిలో కలుస్తాయి. కాఫీ పుల్లగా అనిపించినా దాని పీహెచ్ (ఆమ్లాన్ని చూపే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5 చుట్టుపక్కల ఉంటుంది. ఆహార భద్రత నియమాల్లో 4.6 కంటే ఎక్కువ పీహెచ్ ఉన్నవాటిని ఆమ్లం తక్కువ ఉన్న ఆహారంగానే లెక్కిస్తారు. అంటే ఊరగాయలా పులుపే కాపాడుతుందన్న భరోసా ఇక్కడ లేదు.

అందుకే, గది వేడి 25 డిగ్రీలు దాటిన రోజుల్లో గట్టు మీద రాత్రంతా వదలకండి. ఫ్రిజ్‌లోనే నానబెట్టండి, గంటలు పెంచుకోండి. సీసాను వేడి నీళ్లతో, సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తాగడానికి పనికొచ్చే నీళ్లనే వాడండి, అనుమానం ఉంటే మరిగించి చల్లార్చండి. వడకట్టిన వెంటనే 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో పెట్టండి. చిక్కటి కాఫీని వారం లోపల, నీళ్లు కలిపినదాన్ని రెండు మూడు రోజుల్లో, పాలు కలిపినదాన్ని ఆ రోజే తాగేయండి.

అన్నింటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. గాలి తీసేసి, బిగుతుగా మూసిన సీసాల్లో పెట్టి ఫ్రిజ్ బయట నిల్వ చేయవద్దు. ఎవరికైనా బహుమతిగా ఇవ్వడానికి అలా చేసేవారిని చూశాను. గాలి లేని చోట, పీహెచ్ 4.6 పైన ఉన్నప్పుడు క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం తయారుచేసే ప్రమాదం ఉంది. ఆ విషానికి రంగు, వాసన ఏమీ ఉండవు. అమెరికాలో 2017లో ఒక సంస్థ నైట్రోజన్ కలిపిన కోల్డ్ బ్రూ డబ్బాలను ఈ అనుమానంతోనే మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించింది. ఎవరికీ జబ్బు చేయలేదు, ముందు జాగ్రత్తగా చేసిన పని అది. ఇంట్లో మనకు ప్రయోగశాల లేదు. మనకున్న ఒకే రక్షణ చల్లదనం.

సుధామయి:

అరుణరేఖ గారూ, ఈ విషయం నాకు తెలియదు. ఈ రోజు నుంచి ఫ్రిజ్‌లోనే. మరి కడుపుకు మంచిదన్న సంగతి? మా ఇంట్లో ఒకరికి ఛాతీలో మంట వస్తుంది. ఇది తాగితే రాదేమోనన్న ఆశతోనే మొదలుపెట్టాను.

వేణుమాధవ్:

అదే ఇద్దరు పరిశోధకులు 2018లో ఈ ప్రశ్ననూ తీసుకున్నారు. బ్రెజిల్, కొలంబియా, ఇథియోపియా, మెక్సికో, మయన్మార్ గింజలతో వేడిగా, చల్లగా రెండు విధాలా చేసి కొలిచారు. పీహెచ్ రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే, 4.85 నుంచి 5.13 వరకు. అయితే మొత్తం ఆమ్లాల మోతాదు మాత్రం వేడి కాఫీలో ఎక్కువగా కనిపించింది. యాంటీ ఆక్సిడెంట్ గుణం కూడా వేడి దానిలోనే ఎక్కువ.

చల్లని కాఫీ నాలుకకు పుల్లగా తగలకపోవడం నిజమే. కానీ దాన్ని పట్టుకుని ఛాతీమంటకు మందు అనడం పెద్ద మాట. కెఫీన్‌తోనే మంట పెరిగేవారికి చిక్కటి కోల్డ్ బ్రూ ఎక్కువ ఇబ్బంది కూడా పెట్టవచ్చు. మీ ఇంట్లోవారు వైద్యుడిని అడిగి, తక్కువ మోతాదుతో చూడటం మంచిది.

కెఫీన్ మాట వచ్చింది కాబట్టి ఈ లెక్క చూడండి. అరబికా రకం గింజల్లో బరువులో దాదాపు 1.2 శాతం కెఫీన్ ఉంటుంది. 100 గ్రాముల పొడిలో 1200 మిల్లీగ్రాములు. 500 మిల్లీలీటర్ల నీటిలో అదంతా దిగిందనుకుంటే 100 మిల్లీలీటర్ల చిక్కటి కాఫీలో 240 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. రోబస్టా రకంలో కెఫీన్ దాదాపు రెట్టింపు, అదే 100 మిల్లీలీటర్లలో 400 దాటిపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు సాధారణంగా ఇబ్బంది ఉండదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతుంది. గర్భిణులకు రోజుకు 200 దాటకూడదని యూరప్ ఆహార భద్రత సంస్థ 2015లో సూచించింది. చల్లగా, మెత్తగా గొంతు దిగిపోతుంది కాబట్టి ఎంత తాగామో తెలియదు. చిక్కటి కాఫీ సీసా మీద పెద్ద అక్షరాలతో ‘నీళ్లు కలపాలి’ అని రాసి పెట్టండి. ఇంట్లో తెలియనివారు గ్లాసు నిండా పోసుకోకుండా ఉంటారు.

చలపతి:

ఈ లెక్క చూశాక మా ఇంట్లో రాత్రిపూట తాగడం ఆపేయాలి.

మేఘన:

నేను వేరే మాట చెప్పాలి. చల్లని కాఫీ కావాలంటే కోల్డ్ బ్రూ ఒక్కటే దారి అన్నట్టు అందరూ మాట్లాడుతున్నారు. కాఫీలోని సువాసన వేడి నీళ్లకే విచ్చుకుంటుంది. జపాన్‌లో చేసినట్టు, వేడి కాఫీని నేరుగా ఐసు మీదికి దించితే పూల వాసన, పండ్ల పులుపు అలాగే నిలుస్తాయి. 30 గ్రాముల పొడి, కాగితపు వడపోతలో 300 గ్రాముల వేడి నీళ్లు, కింద పాత్రలో 200 గ్రాముల ఐసు. అయిదు నిమిషాల పని. తక్కువ వేయించిన మంచి గింజలను రాత్రంతా చల్లని నీటిలో నానబెట్టి వాటి వాసనను అణిచేయడం నాకు బాధగా ఉంటుంది.

నిదానం:

మేఘన గారూ, ఐసు మీద దించిన కాఫీ నాకూ ఇష్టమే. కానీ ‘అణిచేయడం’ అన్న మాట ఒప్పుకోను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో చేసిన రుచి పరీక్ష ఒకటి 2022లో వెలువడింది. ఒకే గింజలను చల్లగా, గది వేడిలో, బాగా వేడిగా నానబెట్టి, అన్నింటినీ ఒకే బలానికి తెచ్చి, చల్లబరిచి శిక్షణ పొందినవారికి ఇచ్చారు. చల్లగా చేసినవాటిలోనే పూల ఛాయ ఎక్కువని, చేదు, పులుపు తక్కువని తేలింది. ఒకే బలానికి తెచ్చి పోల్చారు, అదే నాకు నచ్చింది. మనం ఇంట్లో పోల్చేటప్పుడు ఒకటి చిక్కగా, ఇంకొకటి పలుచగా ఉంచి తీర్పు చెప్పేస్తాం.

మేఘన:

ఆ పరీక్షలో అన్నీ నానబెట్టినవే కదా, వేడి నీళ్లు దించి చేసిన కాఫీ కాదు. అయినా మీ మాట ఆలోచించదగ్గదే. ఒకే బలానికి తెచ్చి మళ్లీ పోల్చి చూస్తాను. సువాసన కావాలనుకునేవారికి మధ్యేమార్గం ఒకటి చెప్పనా? పొడి మీద ముందు దాని బరువుకు రెట్టింపు వేడి నీళ్లు పోసి, ఒక నిమిషం ఆగి, తర్వాత మిగతా చల్లని నీళ్లు పోయండి. పొడిలోని వాయువు బయటికి పోతుంది, పైకి తేలడం తగ్గుతుంది, వాసన కూడా మెరుగ్గా ఉంటుంది.

సుధామయి:

వడకట్టడం గురించి ఇంకాస్త వివరంగా చెబుతారా? కాగితంలో పోస్తే గంట గడిచినా చుక్క చుక్కగానే దిగుతోంది. విసుగొచ్చి బట్టలో వేసి గట్టిగా పిండేస్తున్నాను.

బరకపొడి:

పిండకండి! ఈ ఒక్కటి మానేస్తే మీ కాఫీలో సగం వగరు పోతుంది. పిండినప్పుడు వచ్చే ఆ చివరి గుక్కెడులో నలుసు, చేదు అంతా ఉంటుంది. పిప్పిలో మిగిలిపోతోందన్న బాధ నాకూ ఉంది, అయినా దాన్ని వదిలేయాల్సిందే. మరీ పొదుపు కావాలంటే పిప్పి మీద కొంచెం చల్లని నీళ్లు మెల్లగా పోసి, వాటంతట అవే కారనివ్వండి. ఆ నీళ్లను చిక్కటి కాఫీని పలుచన చేయడానికి వాడుకోవచ్చు.

కాగితం మూసుకుపోవడానికి కారణం నలుసు మొత్తాన్ని ఒక్కసారిగా దాని మీద పోయడమే. నానిన సీసాను వడకట్టే ముందు కదపకుండా ఉంచండి. పైనున్న తేట భాగాన్ని ముందు మెల్లగా వంచండి, మడ్డిని చివరికి ఉంచండి. మొదట ఉక్కు జల్లెడ, తర్వాత తడిపి పిండిన నూలుబట్ట. అలా వచ్చిన కాఫీని ఫ్రిజ్‌లో కొన్ని గంటలు కదపకుండా పెడితే నలుసు అడుగుకు చేరుతుంది. అప్పుడు పైన తేరిన కాఫీని తడిపిన కాగితంలో పోయండి, నిమిషాల్లో దిగిపోతుంది. అడుగున మిగిలిన రెండు మూడు చెంచాలను పారేయండి.

బట్టను సబ్బుతో ఉతకవద్దు, ఆ వాసన వదలదు. వేడి నీళ్లలో మరిగించి ఎండబెట్టాలి. తడిగా మడిచిపెడితే రెండో రోజుకే ముక్క వాసన వస్తుంది, అది నేరుగా కాఫీలోకి దిగుతుంది.

అరుణరేఖ:

కాగితానికి ఇంకో ఉపయోగం ఉంది. కాఫీ నూనెల్లో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది. చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితపు వడపోత దాన్ని చాలావరకు ఆపేస్తుంది. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారు రోజూ తాగేటట్టయితే చివరి వడపోత కాగితంలోనే చేయాలి.

చలపతి:

నీళ్ల సంగతి ఎవరైనా చెప్పండి. మాది శుద్ధి యంత్రం నీరు. దానిలో లవణాలన్నీ తీసేస్తారు. కాఫీ చప్పగా వస్తోంది.

వేణుమాధవ్:

చప్పదనానికి అది ఒక కారణం కావచ్చు చలపతి గారూ. నీటిలో కొంచెం కాల్షియం, మెగ్నీషియం ఉంటేనే రుచి తెలుస్తుంది. కాఫీకి లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర లవణాలున్న నీళ్లు బాగుంటాయన్నది ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న కొలమానం. మరీ కఠిన జలంలో బైకార్బనేట్లు ఎక్కువై కాఫీలోని పులుపును చంపేస్తాయి, అదీ చప్పగానే ఉంటుంది. యంత్రంలో లవణాల స్థాయిని సరిచేసే ఏర్పాటు ఉంటే కొద్దిగా పెంచండి. లేదంటే ఒకసారి సీసాల్లో అమ్మే మినరల్ వాటర్‌తో చేసి పోల్చండి. తేడా ఉంటే నీళ్లు, లేకపోతే గింజలు. వేయించి నెలలు గడిచిన గింజలకు ఏ నీళ్లూ ప్రాణం పోయలేవు.

మేఘన:

చక్కెర వేసుకునేవారికి చిన్న మాట. చల్లని కాఫీలో పంచదార త్వరగా కరగదు, గ్లాసు అడుగున పలుకులుగా మిగిలిపోతుంది. సమాన బరువు పంచదార, నీళ్లు కలిపి వేడిచేసి పల్చని పాకం పెట్టుకుంటే చెంచాతో వేసుకోవచ్చు. ఐసు కరిగి కాఫీ పలుచనవుతుందనుకుంటే కొంచెం కాఫీనే ఐసు గడ్డలుగా గడ్డకట్టించి పెట్టుకోండి.

సుధామయి:

మీరందరూ చెప్పినట్టే చేశాను. 80 గ్రాముల బరక పొడి, 1000 గ్రాముల నీళ్లు, మేఘన గారి పద్ధతిలో ముందు కొంచెం వేడి నీళ్లు, ఫ్రిజ్‌లో 16 గంటలు. పిండలేదు. తేట వంచి కాగితంలో పోశాను. 840 గ్రాములు చేతికొచ్చింది, బరకపొడి గారి లెక్కకు సరిగ్గా సరిపోయింది! మడ్డి లేదు. వగరు లేదు. కొంచెం పలుచగా ఉన్నట్టుంది, అంతే. ఈసారి గంటలు పెంచనా, పొడి పెంచనా?

నిదానం:

పలుచగా ఉండి రుచి మాత్రం నిండుగా ఉంటే పొడి పెంచండి, 90 గ్రాములు చేయండి. పలుచగా ఉండటమే కాక పచ్చిగా, పుల్లగా కూడా ఉంటే గంటలు పెంచండి. రెండూ ఒకేసారి మార్చవద్దు, దేనివల్ల బాగుపడిందో తెలియదు.

సుధామయి:

పులుపేమీ లేదు, పొడే పెంచుతాను. చివరగా ఒకటి. చలికాలంలో ఇదే కాఫీని వేడిగా తాగవచ్చా? కాచితే పాడవుతుందా?

బరకపొడి:

పొయ్యి మీద కాచవద్దు, మరిగితే ఇంతసేపూ తప్పించుకున్న చేదు వచ్చేస్తుంది. దీనికి చిక్కటిదే చేయాలి, 1:4 పాళ్లలో. ఫ్రిజ్‌లోంచి తీసిన 50 మిల్లీలీటర్ల చిక్కటి కాఫీలో 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోస్తే వేడి 68 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. కప్పు లాగేసుకునేది పోను తాగడానికి సరిపోతుంది. కప్పును ముందే వేడి నీళ్లతో తొలిపితే ఇంకా మంచిది. పాలతో తాగేవారు పాలను విడిగా కాచి పోసుకోవాలి, కాఫీని పాలతో కలిపి పొయ్యి మీద పెట్టకూడదు.